టెడ్డీబేరు బొమ్మకు వెల కట్టుట

చేతితో బొమ్మలు కుట్టి అమ్ముట జీవనోపాధి యగునా, లేక తీరికవేళ వినోదము మాత్రమేనా యను ప్రశ్న ఈ సంవత్సరము మా పాఠశాలలో పలుమారు వినవచ్చినది. పై తరగతుల బాలికలు కొందఱు కుట్టుపని గంటలో టెడ్డీబేరు బొమ్మలను కుట్ట నేర్చిరి. వారిలో ఒకరిద్దఱు చదువు ముగిసిన పిదప దీనినే చిన్న వ్యాపారముగా సాగింపవలెనని తలంచుచున్నారు. ఈ మాట విని తలిదండ్రులలో కొందఱు నవ్విరి, కొందఱు కోపించిరి, "ఊరక కూర్చుండుటకంటె నయమే కదా, ఏదో నాలుగు డబ్బులు వచ్చును" అని మఱికొందఱు సమాధానపడిరి. ఈ మూడింటిలో మాకు మిక్కిలి భయము గొల్పునది మూడవ మాటయే. అందులకు కారణమును విన్నవింతుము.

టెడ్డీబేరు పుట్టుకయే చిన్న దుకాణములోనిది. 1902 నవంబరులో అమెరికా అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్టు మిసిసిపీ రాష్ట్రమున వేటకు పోయినపుడు, వెంటనున్నవారు ఒక ఎలుగుబంటిని పట్టి చెట్టునకు కట్టి, కాల్చుడని ఆయనను కోరిరి. కట్టివేసిన మృగమును కాల్చుట వేటగాని ధర్మము కాదని ఆయన నిరాకరించెను. పిల్లల పుస్తకములలో కథ ఇంతటితో ఆగును. నిజమునకు ఆ మృగము అప్పటికే గాయపడి యుండెను. దాని బాధను ముగింపుడని ఆయనయే చెప్పగా తక్కినవారు దానిని చంపిరి. క్లిఫర్డ్ బెరిమన్ అను చిత్రకారుడు ఈ సంగతినిగూర్చి వాషింగ్టన్ పోస్టు పత్రికలో ఒక వ్యంగ్యచిత్రము గీసెను. బ్రూక్లినులో మిఠాయి దుకాణము పెట్టుకొని జీవించుచుండిన మారిస్ మిక్టమ్, రోజ్ మిక్టమ్ అను దంపతులు ఆ చిత్రమును చూచి గుడ్డతో ఎలుగుబంటిని చేసి దుకాణపు కిటికీలో నుంచిరి. అధ్యక్షుని ముద్దుపేరే బొమ్మకు పేరాయెను. ఆ చిన్న దుకాణపువారే పిదప ఐడియల్ అను పెద్ద బొమ్మల కంపెనీకి మూలపురుషులైరి.

ఇంచుమించు అదే సమయమున, ఈ సంగతి నెఱుగకయే, జర్మనీ దేశమున గీంగెన్ అను చిన్న పట్టణములో మఱియొక ఎలుగుబంటి తయారగుచుండెను. ఈ కథను మేము విశేషించి చెప్పగోరుచున్నాము. మార్గరెట్ స్టైఫ్ 1847లో జన్మించెను. రెండేండ్లయినను నిండకమునుపే పోలియో వ్యాధి సోకి ఆమె కాళ్లు చచ్చుపడెను, కుడిచేయియు దుర్బలమాయెను. అయినను ఆమె కుట్టుపని నేర్చుకొనెను. కుట్టుయంత్రపు చక్రమును కుడిచేతితో త్రిప్పలేక, యంత్రమునే వెనుకకు మళ్లించి యెడమచేతితో త్రిప్పుచుండెడిది. మొదట ఉన్నిబట్టతో వస్త్రములు కుట్టి అమ్మెను. 1879 చివర ఒక పత్రికలో చూచిన నమూనాను బట్టి సూదులు గ్రుచ్చుకొనుటకు చిన్న ఏనుగును కుట్టెను. స్త్రీలు సూదులకొఱకు కొన్న ఏనుగులను వారి పిల్లలు లాగికొని ఆడుకొనసాగిరి. దానిని కనిపెట్టి ఆమె బొమ్మల వ్యాపారములోనికి దిగెను. ఏనుగుల పిదప కోతులు, గాడిదలు, గుఱ్ఱములు వచ్చెను. 1902లో ఆమె అన్నదమ్ముల బిడ్డయగు రిచర్డు కాలుసేతులు కదలునట్టి ఎలుగుబంటిని రూపొందించెను. 1903లో లైప్‌జిగ్ సంతలో అమెరికా వర్తకుడొకడు 3,000 బొమ్మలు కావలెనని అడిగెను. 1907వ సంవత్సరమున ఆ కంపెనీ 9,74,000 ఎలుగుబంట్లను తయారుచేసెను. బాలురు సూది పట్టుట నామోషీ యని తలంచు తండ్రులు, పై రెండు కథలలోను పురుషుల పాలు ఎంత యున్నదో గమనింతురు గాక.

ఈమె కాలక్షేపమునకు కుట్టినది కాదు. ఏ బట్ట ఎంత పట్టినది, ఏ బొమ్మ ఎన్ని అమ్ముడుపోయినది అను లెక్కను ఉంచుకొనెను. బొమ్మల పట్టికను అచ్చు వేయించెను. 1904 నుండి ప్రతి బొమ్మ చెవికి ఒక లోహపు బొత్తామును బిగించి, ఇది మా చేతిపని యని లోకమునకు తెలియజేసెను. కాళ్లులేని స్త్రీ చేసినది కదా యని జాలిపడి ఎవ్వరును కొనలేదు. బొమ్మ బాగుండెను గనుక కొనిరి.

దీనికి వ్యతిరేకమైన కథ మన యింటిలోనే కలదు. పశ్చిమ గోదావరి జిల్లాలోని నరసాపురము, దాని చుట్టుపట్ల గ్రామములందు లేసు అల్లిక 19వ శతాబ్దములో మిషనరీల మూలమున ప్రవేశించినది. పేద స్త్రీలకు ఇంటిపట్టున ఉపాధి కల్పింపవలెనను సదుద్దేశముతోనే అది ఆరంభమైనది. కాలక్రమమున పని లక్షలాది చేతులకు వ్యాపించినను, కూలి మాత్రము పెరుగలేదు. మరియా మీస్ అను జర్మను సంఘశాస్త్రజ్ఞురాలు ఆ గ్రామములలో పరిశోధన చేసి 1982లో ఒక గ్రంథమును ప్రకటించెను. రోజంతయు అల్లిక పట్టుకొని కూర్చుండు స్త్రీలను పనివారని ఎవరును పిలువరనియు, వారు "ఇంటి ఇల్లాండ్రు", వారి పని "తీరికవేళ పని" యని చెప్పుటవలననే అంత తక్కువ కూలి సాగుచున్నదనియు, లాభము దళారులకును ఎగుమతిదారులకును పోవుచున్నదనియు ఆమె చూపెను. నరసాపురపు లేసునకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించినది, సంతోషమే. కాని పనికి పేరు వచ్చుట వేఱు, పనివానికి కూలి వచ్చుట వేఱు. "ఏదో నాలుగు డబ్బులు" అను మాటకు మేమేల భయపడుదుమో తలిదండ్రులకు ఇప్పుడు తెలిసియుండును.

ఇక మా బాలికల లెక్కకు వత్తము. అంకెలు ఉదాహరణమునకు మాత్రమే. అంగడిని బట్టి మారును. ఒక జానెడున్నర బొమ్మకు నూగుబట్ట, లోపలి దూది, కన్నులు, దారము కలిసి 180 రూపాయలనుకొందము. విఱిగిన సూదులు, విద్యుత్తు, చుట్టు కాగితము, దారి ఖర్చు 40 రూపాయలు. మొదటి బొమ్మకు ఒక బాలికకు రెండు దినములు పట్టెను. పదవ బొమ్మ నాటికి ఐదు గంటలకు దిగెను. అంగడిలో యంత్రముపై చేసిన బొమ్మ 250 రూపాయలకు దొరకుచున్నదని, ఈమెయు 250కే అమ్మినయెడల మిగులునది 30 రూపాయలు. అనగా గంటకు ఆరు రూపాయలు! ఈ లెక్కను మేము నల్లబల్లపై వేసినపుడు తరగతి యంతయు నిశ్శబ్దమాయెను. గంటకు 60 రూపాయలైనను తన చేతికి కట్టుకొన్నయెడల కూలి 300, మొత్తము వెల 520 కావలెను. "అంత వెలకు ఎవరు కొందురు?" అని ఒక బాలిక అడిగెను. మంచి ప్రశ్న. యంత్రముతో చౌకలో పోటీపడువాడు ఓడితీరును. కావున యంత్రము చేయని దేదో బొమ్మలో నుండవలెను. లేనియెడల ఈ వ్యాపారమునకు దిగకుండుటయే మేలు. ఇది నిష్ఠురముగా తోచినను చెప్పక తప్పదు.

అట్టిది ఏమి యుండును? ముందుగా పనితనము. నూగు ఏ వైపునకు వాలియున్నదో చూచి ముక్కలన్నియు ఆ వాలుననే కత్తిరించవలెను. లేకున్న ఎలుగుబంటి ఒక చెంప మెఱయును, ఒక చెంప మాయును. కత్తెర మొనతో వెనుకబట్టను మాత్రమే కోయవలెను గాని నూగును కోయరాదు. దూది మొదట ముక్కుకొసకు గట్టిగా కూరి, పిదప తక్కిన తలను నింపవలెను. మన బూరుగుదూది తేలికయే గాని నిప్పు త్వరగా అంటుకొనును. పిల్లల బొమ్మలకు తగదు. కన్నులు అన్నిటికంటె ముఖ్యము. పూర్వము చెప్పుల బొత్తాములను కుట్టెడివారు. ఇప్పుడు వెనుక బిళ్లతో బిగియు కన్నులు దొరకును. అయినను మూడేండ్లలోపు బిడ్డ చేతికి పోవు బొమ్మకు కన్నులను, ముక్కును దారముతోనే కుట్టవలెనని మా నిశ్చితాభిప్రాయము. ఊడిన కన్ను బిడ్డ గొంతులో పడినచో, ఆ వెల ఏ లెక్కపుస్తకములోను పట్టదు.

ప్రభుత్వమువారును ఈ విషయమున కఠినముగానే యున్నారు. 2020లో వెలువడిన బొమ్మల నాణ్యతా ఉత్తరువు 2021 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చినది. పదునాలుగేండ్లలోపు పిల్లల ఆటబొమ్మలకు ఐఎస్ఐ ముద్ర ఉండవలెనని దాని సారాంశము. చేతిపనుల అభివృద్ధి కమిషనరువద్ద నమోదైన పనివారు తాము చేసి అమ్ము వస్తువులకు మినహాయింపు ఇచ్చిరి. కావున మొదటి బొమ్మ అమ్మకమునకు ముందే నమోదు సంగతి చూచుకొనవలెను. సినిమాలలోని ప్రసిద్ధ బొమ్మల రూపములను అనుమతి లేక కుట్టి అమ్ముట దొంగతనమని ప్రత్యేకముగా చెప్పనక్కఱలేదు గదా. అప్పుచేసి ఆరంభించుటకు మేము సమ్మతింపము. పది బొమ్మల బట్ట కొనుడు. అవి అమ్మిన డబ్బుతో ఇరువది బొమ్మల బట్ట కొనుడు.

రూపమునుగూర్చి మాకొక ఆలోచన కలదు. విదేశపు బొమ్మను మన మేల కుట్టవలెనని, కొండపల్లి బొమ్మలుండగా ఇది యేల యని మా సహోపాధ్యాయులొకరు ఆక్షేపించిరి. ఆక్షేపణలో కొంత న్యాయమున్నది. అయితే ఎలుగుబంటి విదేశీ కాదు. నల్లమల అడవులలోను, శ్రీకాకుళము ఉద్దానపు తోటలలోను తిరుగు మన ఎలుగుబంటి ఒడలెల్ల నల్లని చింపిరి వెండ్రుకలు, తెల్లబారిన మూతి, ఱొమ్ముమీద తెల్లని వంపుగీత కలిగి, పిల్లలను వీపుపై నెక్కించుకొని తిరుగును. (ఉద్దానపువారికి దానియందు ఇంత ముద్దు లేదని యెఱుగుదుము, జీడితోటలో ఎదురుపడినవారినే అడుగవలెను.) పిల్లను వీపున మోయు నల్లని తల్లి ఎలుగుబంటి బొమ్మ మేము చూచినంతలో ఏ అంగడిలోను లేదు. తొమ్మిదవ తరగతి బాలిక యొకతె దాని నమూనాను కాగితముపై గీయుచున్నది. పిల్ల ఊడిపోకుండ వీపునకు ఎట్లు కుట్టవలెనో ఇంకను తేలలేదు.

వచ్చు వార్షిక విక్రయమున ఈ బొమ్మలకు ఒక బల్ల ఏర్పాటు చేయుదుము. ప్రతి బొమ్మ మెడలోని చీటిపై వెలయే గాక, దానిని కుట్టుటకు పట్టిన గంటలును వ్రాయించెదము. బేరమాడదలచిన తలిదండ్రులు ఆ రెండవ అంకెను చదివిన పిదప బేరమాడవలెనని మా మనవి. బల్లవద్ద లెక్కపుస్తకము వ్రాయుటకు ఇద్దఱు బాలురు కావలెను. కుట్టుట వచ్చినవారికి మొదటి అవకాశము.