రెండవ ట్రంపెటు మన పిల్లవానికి అవమానమా?

గణతంత్ర దినోత్సవమునకు మన ఊరి పాఠశాల యొకదానియందు బ్యాండు మేళమును సిద్ధము చేయుచున్నారు. అందు ట్రంపెటు వాయించు పిల్లలు ఆరుగురు. ఇద్దరికి మొదటి భాగము, ఇద్దరికి రెండవది, తక్కిన ఇద్దరికి మూడవది ఇచ్చిరి. క్రింది భాగములు వచ్చిన నలుగురిలో ముగ్గురు మన సంఘ సభ్యుల బిడ్డలు. వారిలో ఇద్దరి తండ్రులు పిల్లలను అభ్యాసమునకు పోనీయక నిలిపివేసి, సంఘము పేరిట ప్రధానోపాధ్యాయులకు నిరసన లేఖ వ్రాయవలెనని నన్ను కోరిరి. “అన్నా, తెలుగు పిల్లోళ్లని వెనక నిలబెట్టినారు. నువ్వు అడక్కపోతే ఇంకెవరడుగుతారు?” అని ఒకరు మా అంగడి మెట్లమీదనే నిలదీసిరి.

లేఖ నేను వ్రాయలేదు. ఎందుకు వ్రాయలేదో సభ్యులందరికిని తెలియుట మంచిది. మూడవ పిల్లవాడు మా తమ్ముని కుమారుడు, వాడు మూడవ ట్రంపెటే వాయించుచున్నాడు. కనుక ఈ విషయమున నేను పరాయివాడను కాను.

ఆ తండ్రుల బాధలో అబద్ధమేమియు లేదు. వారిలో ఒకరి పిల్లవాడు వాద్యమును ఇంటికి తెచ్చి, పెరటిలో నిలిచి తన భాగమును సాధన చేసెనట. ఇంటిల్లిపాదియు చెవియొగ్గిరి. ఒక స్వరమును పట్టి నాలుగు దెబ్బలసేపు నిలుపుట, కొంత విరామము, దానికి క్రింది స్వరము, మరల విరామము. అది ఏ పాటయో తల్లికి తెలియలేదు, అవ్వకును తెలియలేదు. అదే సాయంకాలము ప్రక్కవీధి పిల్లవాడు మొదటి భాగమును వాయింపగా దారిన పోవువారు సైతము గుర్తుపట్టి కూనిరాగము తీసిరి. వానికి పాట నిచ్చి మనవానికి పాట కానిదానిని ఇచ్చినారని ఇంటివారికి తోచుటలో వింత యేమున్నది?

అయితే ఇది మన చెవికి అలవాటైన సంగీతము వలన కలిగిన భ్రమ. మన సంగీతమున పాట ఒకే ధారగా నడచును. గాయకుడు పాడినదానినే ఫిడేలు వెన్నంటి పోవును. ఇద్దరు నాదస్వరము పట్టినను వాయించునది ఒకే వరుస. అందుచేత వరుస చేతిలో లేనివాడు పని లేనివాడని మనము తలంతుము. పాశ్చాత్యుల బ్యాండు కట్టుబాటు వేరు. అందు పలు స్వరములు ఒక్కమారు పలికి ఒక్క నాదముగ వినబడవలెను. మొదటివాడు పంచమమును పట్టినప్పుడు రెండవవాడు అంతర గాంధారమును, మూడవవాడు షడ్జమును పట్టుననుకొనుడు. అప్పుడు మైదానము నిండును. ఆరుగురును పంచమమునే పట్టినయెడల బిగ్గరగా వినబడునే కాని నిండుగా వినబడదు. ఈ భేదమును ఎరిగియే కాబోలు, మైసూరు సంస్థానమున కర్ణాటక సంగీతమునకొక బ్యాండును, ఇంగ్లీషు సంగీతమునకొక బ్యాండును వేరువేరుగ పోషించిరి.

క్రింది పని చేయువాడు మనకు బొత్తిగా తెలియనివాడును కాడు. పెండ్లికి మేళము వచ్చినప్పుడు (కన్నడిగులు దీనిని వాలగమందురు) నాదస్వరము ప్రక్కన ఒత్తు పట్టువాడొకడు ఉండెడివాడు. తలంబ్రాల వేళ అందరి చూపును నాదస్వరముమీదనే. ఇతడు మాత్రము బుగ్గలలో గాలి నిలుపుకొని, ముక్కుతో ఊపిరి పీల్చుచు, ఒక్క స్వరమునే తెగకుండ గంటల తరబడి నిలిపెడివాడు. ఇప్పుడు పెక్కు మేళములలో ఆ పని విద్యుత్తు శ్రుతిపెట్టెకు పోయినది. పెట్టె పాడైన పెండ్లికి నేనొకమారు వెళ్లితిని. ఆనాడు ఆ విద్వాంసుడు పడిన అవస్థ చూచినవారు ఒత్తువానిని ఇంకెన్నడును తక్కువ చేయరు.

క్రింది భాగము సులభమనుకొనుటయు పొరపాటే. ట్రంపెటునకు మీటలు మూడు. ఒకటవదియు మూడవదియు కలిపి నొక్కినప్పుడును, మూడును కలిపి నొక్కినప్పుడును వచ్చు క్రింది స్వరములు ఆ వాద్యపు నిర్మాణములోనే కొంచెము హెచ్చుగా పలుకును. వాయించువాడు మూడవ మీటకు చేరిన జారుగొట్టమును ఎడమచేతి వ్రేలితో ముందుకు జరిపి, చెవితో సరిచూచుకొని, శ్రుతికి దింపుకొనవలెను. అట్లు చేయనియెడల పైవాడెంత శుద్ధముగ వాయించినను మొత్తము అపశ్రుతియగును. వినువారు మాత్రము తప్పు పైవానిదే యనుకొందురు. పై స్వరములకు పెదవి బిగువు కావలెను. క్రింది స్వరములకు పెదవిని సడలించి గాలిని ధారాళముగ విడువవలెను, స్వరము మాత్రము వణకరాదు. పదమూడు పదునాలుగేండ్ల పిల్లవానికి ఇది కష్టసాధ్యమైన పని. క్రిందివారు గట్టిగ నిలిచిన పైవాడు గొంతు చించుకొన్నట్లు ఊదనక్కరలేదు, వాని పెదవి తొందరగా అలసిపోదు. అంగడివాడను గనుక నాకు తట్టిన పోలిక ఒకటి: తక్కెడలో సరుకున్న తట్టను అందరును చూతురు, రాళ్ల తట్టను చూచువాడు వర్తకుడొక్కడే.

ఇదంతయు నేను అన్యులను చూచి వ్రాయుటలేదు. 1994లో తొమ్మిదవ తరగతి చదువునాడు నాకును మూడవ ట్రంపెటే ఇచ్చిరి. నాకది తలవంపుగా తోచెను. ఎవరికిని చెప్పక మొదటి భాగమును వినికిడిమీద నేర్చుకొంటిని. ఆగస్టు 15న నా జతగాడు జ్వరముతో రాలేదు. మూడవ భాగమునకు నేనొక్కడనే. జాతీయగీతము మొదలుకాగానే నేను పై వరుసను అందుకొంటిని. ఆ గీతము పూర్తిగా వాయించుటకు సుమారు 52 సెకండ్లు పట్టును. (1919లో రవీంద్రులు మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలకు వచ్చినప్పుడు మార్గరెట్ కజిన్స్ అను విదుషీమణి దీని బాణీకి స్వరలిపి వ్రాసినది. మదనపల్లె మనకు పరాయి ఊరు కాదు. ఈ సంగతి మన పిల్లలకు చెప్పవలసినదే.) సగము గడచునప్పటికి, తమ వరుసలో ఎవరో చొరబడినారని మొదటివారిద్దరును మరింత గట్టిగ ఊద నారంభించిరి. క్రింద పట్టువాడు లేడు. చివర జయము పలుకుచు స్వరము పైకెక్కు చోట ఒకని పెదవి తప్పి, ఆ స్వరము రెండుగా చీలెను. జెండా క్రింద నిలిచిన పెద్దలందరును వానివైపే చూచిరి. వాడు ఏడ్చెను. నావైపు ఎవరును చూడలేదు. బ్యాండు మాస్టరు మాత్రము మేళము విడిపోయిన పిదప నన్ను పిలిచి, కొట్టక తిట్టక, కన్నడమున ఒక్క మాట అడిగిరి: “నీ స్వరాన్ని ఎవరు వాయించినారు?”

ఈ విషయమున ప్రపంచమున అందరికిని తెలిసిన ఉదాహరణము లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ అను అమెరికా నల్లజాతి విద్వాంసునిది. బాల్యమున న్యూ ఆర్లియన్స్‌లోని ఒక బాలల నిర్బంధ గృహమున బ్యాండులో చేరినవాడాయన. 1922లో కింగ్ ఆలివర్ పిలువగా షికాగో పోయి, ఆయన మేళమున రెండవ కార్నెటు వాయించెను. కార్నెటు ట్రంపెటునకు దగ్గరి చుట్టము. ఆలివర్ ఏమి వాయింపబోవునో కనిపెట్టి, దానికి తగిన క్రింది స్వరములను అప్పటికప్పుడు జోడించెడివాడట. ఇద్దరు ముందు కూడబలుకుకొనకయే ఇట్లెట్లు కలిసి వాయింతురని సాటి వాద్యకారులు తెల్లబోయెడివారు. 1923లో ఆ మేళము ఇచ్చిన రికార్డులు నేటికిని దొరకును. ఆయన జీవితాంతము రెండవ స్థానముననే ఉండలేదు. అదే మేళమున పియానో వాయించిన లిల్ హార్డిన్ 1924లో ఆయనను పెండ్లాడి, ఇక నీవు ముందు నిలువుమని పట్టుబట్టినది. ఆ యేడే ఆయన న్యూయార్కు పోయెను. ఆమె పట్టుదలయు సరియైనదే. కాని ఆ రెండేండ్లలో పెరిగిన చెవి వృథాపోలేదు.

ఇక భాషాభేదమను మాట. నేను బ్యాండు మాస్టరును కలిసి అడిగితిని. పై స్వరము లందుకొను పెదవి గలవారికి మొదటి భాగము, శ్రుతి తప్పని చెవియు నిలుకడగల ఊపిరియు గలవారికి మూడవది ఇచ్చితినని వారు చెప్పిరి. మొదటి భాగము వచ్చిన ఇద్దరిలో ఒకని ఇంట మాటలాడునది తెలుగే. వారు సంఘమున చేరలేదు, అంతే భేదము. మూడు ప్రక్కల ఆంధ్రదేశము చుట్టుకొనియున్న ఈ పావగడ తాలూకాలో ఎవరు తెలుగువారు, ఎవరు కన్నడిగులని గీత గీయుట ఎవరి తరము? సంతలో బేరము ఒక భాషలో మొదలై మరియొక భాషలో ముగియుచున్నది.

మనకు నిజమైన కోర్కెలు కలవు. రాష్ట్రముల పునర్విభజన జరిగిన 1956లోనే, రాజ్యాంగపు ఏడవ సవరణచే 350ఎ అధికరణమును చేర్చి, భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన కల్పింప యత్నింపవలెనని ప్రతి రాష్ట్రమునకును విధించిరి. 350బి ప్రకారము ప్రత్యేకాధికారి యొకరు ఉందురు. ఉపాధ్యాయులని, పుస్తకములని ఆ అధికరణములను చేతబట్టుకొని మనము కార్యాలయముల మెట్లు ఎక్కవలసి వచ్చును. ట్రంపెటు కొరకు ఈనాడు నిరసన లేఖ పంపినయెడల, రేపు ఉపాధ్యాయుని కొరకు పంపు లేఖను ఎవరు విప్పి చదువుదురు? మన సంతకమునకు అంగడి పరపతి వంటి విలువ కలదు. దానిని చిల్లర అప్పులకు వాడుకొనుట నాకు సమ్మతము కాదు.

పాఠశాలవారి యెడల నాకును ఒక ఆక్షేపణ కలదు, దానిని వారితోనే చెప్పితిని. ఏ పిల్లవానికి ఏ భాగము ఎందుకిచ్చిరో తలిదండ్రులకు ఒక్కమాటయైన చెప్పలేదు. చెప్పియుండిన ఇంత దూరము వచ్చెడిది కాదు. అంతకన్న ముఖ్యమైనది, సంవత్సరము పొడుగునను ఒకే పిల్లవానిని ఒకే భాగమునకు కట్టివేయరాదు. పాట మారినప్పుడు భాగములును మారవలెను. పైవాడు క్రిందిది, క్రిందివాడు పైది నేర్చినగాని ఎవనికిని తన ప్రక్కవాని కష్టము తెలియదు. గణతంత్ర దినోత్సవము వరకు ఇప్పటి ఏర్పాటే ఉండనిండు, ఆ తరువాత మార్చెదనని మాస్టరు ఒప్పుకొనిరి. ఆ మాట మరువకుండ చూచు బాధ్యత నాది.

వచ్చు శనివారము సాయంకాలము నాలుగున్నరకు పాఠశాల మైదానమున అభ్యాసము జరుగును. ఒకే పాటను ముందు క్రింది భాగములు లేకుండ, పిమ్మట వాటితో, రెండుమార్లు వాయింపించి తలిదండ్రులకు వినిపింతుమనిరి. సభ్యులెవరైనను రావచ్చును. ఇద్దరు తండ్రులకును కబురు పంపితిని. ఒకరు వత్తుననిరి. మరియొకరి యొద్దనుండి ఇంకను జవాబు రాలేదు. వారి పిల్లవాని ట్రంపెటు సంచిలో కట్టి పాఠశాల బీరువాలో ఉన్నది.