పాట ఎవరు ఎత్తుకోవాలి?

ఆ మధ్య మేము గోదావరి ఆవల, ఆదిలాబాదు వైపు పల్లెలోని ఒక సంఘమునకు ఆరాధనకు వెళ్ళాము. కొత్త కీబోర్డు, రెండు సౌండు బాక్సులు, మైకుల ముందు నలుగురు యౌవనస్థులు. బాగుగానే పాడారు. అయితే చాప మీద ముందు కూర్చున్న వృద్ధ స్త్రీల పెదవులు కదలలేదు. తరువాత ఒక అవ్వను అడిగాము. "పాట మాకు అందుతలేదు అయ్యగారూ! మేము అందుకునేలోపల్నే దాటిపోతది" అన్నది.

ఆ మాట మమ్మును విడువలేదు. కరీంనగర్ ప్రాంతమునకు 19వ శతాబ్దపు చివరలో సువార్త తెచ్చినవారిలో వెస్లియన్ మెథడిస్టు మిషనెరీలు ముఖ్యులు. వారి మూలపురుషుడు జాన్ వెస్లీ 1761లోనే పాడుటకు కొన్ని నియమములు వ్రాశాడు. అందరూ పాడాలి, ఎవరి గొంతూ తక్కినవారి గొంతును మింగరాదు, అందరూ ఒకే కాలములో సాగాలి. ఈనాడు సౌండు బాక్సు మీద అంటించదగిన నియమములివి!

చదువు రాని మన పెద్దలు పాట నేర్చినది పుస్తకములో చూచి కాదు. ఒకరు చరణము అందిస్తే తక్కినవారు అందుకునేవారు. నాట్లలో, బతుకమ్మ ఆటలో మన ఆడవారికి చిన్ననాటి నుండి అలవాటైన పద్ధతే అది. పురుషోత్తమ చౌదరి (1803–1890) వంటివారు మన రాగతాళములలో కీర్తనలు కట్టినందున అవి నోటికి సులువుగా పట్టాయి. బైబిలు తెరచి చదవలేని తల్లి కూడా పొలములో వాక్యము పాడుకోగలిగింది. పాటే ఆమెకు బైబిలు. ఆమె నోరు మూతపడితే పోయేది రాగము మాత్రమే కాదు.

వాయిద్యముల మీద మాకు పగ లేదు. డప్పును ఆలయములోనికి రానీయరాదని వాదించిన పెద్దలను మేమెరుగుదుము. అది జాతరలో మ్రోగినదట! చావుకూ, దండోరాకూ వెట్టిగా కొట్టించుకున్న చేతులు తమ ప్రభువు కొరకు ఇష్టముతో కొట్టరాదా? ఆ వాదన మాకు అప్పుడూ రుచించలేదు. కీబోర్డునూ రానివ్వండి. పస్కా భోజనము తరువాత ప్రభువును, శిష్యులును కలిసి పాడారని మత్తయి 26:30లో చూస్తాము. అక్కడ పాడేవారొకరు, వినేవారొకరు కారు.

ఆ సాయంత్రము ఇంటి కూటములో యౌవనస్థులను ఒకటే అడిగాము. బాక్సు తగ్గించండి, మొదటి పాట అవ్వ ఎత్తుకుంటుంది అని. వారు సంతోషముగా ఒప్పుకున్నారు. అవ్వ తన శ్రుతిలో తాను మొదలుపెట్టింది. కోడళ్ళు అందుకున్నారు, వెనుక గోడకు ఆనుకున్న మగవారూ అందుకున్నారు. కీబోర్డు అబ్బాయి ఆ శ్రుతి కొరకు కాసేపు వెదికి, దొరకక, నవ్వి, చేతులు తట్టసాగాడు.