విమానములోని పడకయు దాని వెలయు

మా యాడుబిడ్డ న్యూజెర్సీలో కాపురముండి పదునెనిమిది సంవత్సరములైనది. మా అత్తగారును కొన్ని యేండ్లుగా ఆమె కడనే యున్నారు. ఆడుబిడ్డ కూతురు చిత్రకళ నభ్యసించుటకై యిటలీ దేశమందలి ఫ్లారెన్సు నగరమునకు పోయినది. మనుమరాలి నచ్చట నొకసారి చూచి రావలెనని అత్తగారి కోరిక. మోకాళ్ల నొప్పులచే వారికి గంటసేపు కాళ్లు వ్రేలాడవైచి కూర్చుండుటయే కష్టము. న్యూయార్కు నుండి రోమునకు ఎనిమిది గంటలకు మించిన ప్రయాణము, అదియు రాత్రివేళ. కావున కాళ్లు చాచి పండుకొన వీలగు బిజినెస్ క్లాసు టిక్కెట్టే కొనవలెనని కూతురు నిశ్చయించెను. నిశ్చయించుట సులభమే. వెల చూచిన పిమ్మట గదా కష్టము!

జూన్ నెల ప్రయాణమునకు విమాన కంపెనీవారు చెప్పిన వెల రానుపోను అయిదువేల డాలరులకు పైమాట. అంతలో నొక యేజెంటు టెలిఫోనులో రెండువేల నాలుగువందలకే యిప్పించెదననెను. "వదినా, ఇంత చవుకగా నెట్లు వచ్చును? నమ్మవచ్చునా?" అని ఆడుబిడ్డ మమ్మడిగినది. మేము విమానమెక్కి యెరుగము. అయినను ఇంట వ్యాకరణము చదువుకొన్నవారము గనుక నిబంధనల పట్టిక యెంత పొడవుదైనను మాకు భయము లేదు. సూత్రముకంటె అపవాదములే జాగ్రత్తగా చూడవలెనని మాత్ర మెరుగుదుము. ఆ పట్టికలను తెప్పించుకొని చదివితిమి. మన సోదరీమణులలో అనేకుల బిడ్డలు అమెరికాయం దున్నారు గనుక తెలిసికొన్నది యిచ్చట వ్రాయుచున్నాము.

ఒకే వరుసలో ప్రక్కప్రక్కనున్న రెండు సీట్లకు ఒకే వెల యుండవలెనని లేదు. బిజినెస్ క్లాసు అనునది పేరునకు ఒక్కటియేగాని, లోలోపల దానికి అక్షరములతో గుర్తింపబడిన పలు మెట్లు కలవు. పై మెట్టు టిక్కెట్టును మార్చుకొనవచ్చును, మానుకొని సొమ్ము తిరిగి పుచ్చుకొనవచ్చును. క్రింది మెట్టుది చవుక; కాని మానుకొన్నచో సొమ్ము పోవుటయో, కొంత కోతపడుటయో తప్పదు. సీటొక్కటే, పడక యొక్కటే. తగ్గినది మన స్వేచ్ఛ. ఇదిగాక, కంపెనీలు కొందరు ఏజెంటులకు బహిరంగముగా ప్రకటింపని తగ్గింపు ధరల నిచ్చుటయు గలదు. అది న్యాయమైన వర్తకమే. అయితే అట్టి టిక్కెట్టులో తరువాత నేది మార్చవలసినను సాధారణముగా ఆ యేజెంటునే ఆశ్రయింపవలసియుండును.

మూడవ విధ మొకటి కలదు. తరచుగా ప్రయాణించువారికి కంపెనీలు బహుమానముగా మైళ్లను లెక్క కట్టి యిచ్చును. వానిని పరులకు అమ్ముకొనరాదని నిబంధన. కొందరు దళారులు వానిని రహస్యముగా కొని, వానితో టిక్కెట్టు తీయించి యితరులకు విక్రయింతురు. కంపెనీవారు కనిపెట్టినచో టిక్కెట్టును రద్దు చేయుదురు. పోయిన పిమ్మట తిరుగు టిక్కెట్టు రద్దైనచో పరదేశమున గతి యేమి? మా యాడుబిడ్డకు చెప్పిన టిక్కెట్టు ఈ జాతిదేయని యేజెంటు నోటనే బయటపడినది. "విమానాశ్రయమున నెవరైన నడిగినచో, ఇది మా బంధువు కానుకగా నిచ్చెనని చెప్పుడు" అని అతడు బోధించెనట. అత్తగారు ప్రక్కనే కూర్చుండి వినిరి. "అమ్మాయీ, అతడు మనకే వరుసను బంధువు? కాళ్లు చాచుకొనుటకు నేనీ వయసున అబద్ధమాడవలెనా? నేను రాను" అనిరి. రెండు దినములు తల్లీకూతుండ్రకు మాటలు లేవు. మూడవనాడు కూతురే ఆ యేజెంటునకు వలదని చెప్పివేసినది.

పిమ్మట మేమందరము కలిసి నెల మార్చి చూచితిమి. ఇటలీకి జూన్ మొదలు ఆగస్టు వరకు జనసమ్మర్దము. నవంబరులోను, సంక్రాంతి దాటిన పిమ్మటను వెలలు దిగును. తిన్నగా రోమునకు పోవుదానికంటె లిస్బన్, మాడ్రిడ్, డబ్లిన్ నగరములలో విమానము మారుట తరచుగా చవుక. కేవలము బిజినెస్ క్లాసు సీట్లే గల ఫ్రెంచి కంపెనీ లా కంపాన్యీ 2022లో నెవార్కు నుండి మిలానునకు విమానములు నడుప నారంభించెను. మా తేదీలకు అది పొసగలేదు. లిస్బన్ మీదుగా నవంబరు టిక్కెట్టు, కంపెనీవారి కడనే, రెండువేల ఏడువందల డాలరులకు దొరకినది. తిరుగు ప్రయాణము పగటివేళ గనుక దానికి తక్కువ తరగతి చాలునని మేమంటిమి. అత్తగారు మా పక్షమే, కూతురు వినలేదు.

ఇచ్చట నొక మోసపు మాట. కొన్ని చవుక టిక్కెట్టులలో సముద్రము దాటు పెద్ద ప్రయాణము సామాన్య తరగతిలో నుండి, ఐరోపాలోని చిన్న ప్రయాణమునకు మాత్రమే బిజినెస్ క్లాసు అని యుండును. ప్రతి విమానమునకు ఎదుట వ్రాసిన తరగతిని వేరువేరుగా చదువవలెను. బిజినెస్ క్లాసుకు సొమ్ము పుచ్చుకొని క్రింది తరగతిలో కూర్చుండబెట్టినచో, ఐరోపా సమాఖ్యవారి 2004 నాటి నిబంధన ననుసరించి, ఐరోపా కంపెనీ విమానమైనపుడు, ఇంత దూరపు ప్రయాణమునకు ఆ టిక్కెట్టు వెలలో నూటికి 75 వంతులు తిరిగి యీయవలెను.

అమెరికాలో స్థిరనివాసపు కార్డున్నను, భారతదేశపు పాస్‌పోర్టు గలవారికి షెంగెన్ వీసా కావలెను. దానికి 30,000 యూరోలకు తక్కువగాని వైద్యపు భీమాయు చూపవలెను. వీసా చేతికి రాకమునుపు సొమ్ము తిరిగిరాని టిక్కెట్టు కొనరాదు. మావారు వీసా వచ్చినదాక ఆగిరి. ఆగినందున వెల కొంచెము పెరిగినది కూడ. తీరా కొన్న రాత్రి మరియొక చిక్కు. అత్తగారి పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా నున్నది. ఆడుబిడ్డ మన యలవాటు చొప్పున నొక్క యక్షరమే వ్రాసినది. ప్రయాణమునకు ఏడు దినములో అంతకెక్కువయో వ్యవధియుండగా కంపెనీవారి కడనే కొన్న టిక్కెట్టును 24 గంటలలో నష్టము లేక రద్దు చేసికొన నిచ్చుటయో, సొమ్ము పుచ్చుకొనకయే ఆ వెలకు సీటు నిలిపియుంచుటయో అమెరికాలో కంపెనీల విధి. ఏజెంటు కడ కొన్నదానికి ఈ విధి వర్తింపదు. తెల్లవారకమునుపే రద్దు చేసి, పేరు సరిచేసి మరల కొనిరి.

అత్తగారు సముద్రము మీద ఆరు గంటలు నిద్రించిరట. లిస్బన్ నుండి రోమునకు మాత్రము పడక లేదు. ఐరోపాలోని చిన్న ప్రయాణములలో బిజినెస్ క్లాసు అనగా సామాన్యపు సీట్ల వరుసయే. నడిమి సీటు ఖాళీగా విడుతురు. "ఈ ఖాళీ సీటునకా అమ్మాయీ యింత వెల?" అని అత్తగారు తమ చేతిసంచి దానిమీద పెట్టుకొనిరి. రోము నుండి ఫ్లారెన్సునకు రైలులో గంటన్నర. మనుమరాలు స్టేషనుకు ఎదురువచ్చినది.