పలక నిండిపోతే?

పిల్లలూ! మీరు కంప్యూటరు మీద బొమ్మ వేస్తూండగా, అది ఉన్నట్టుండి మొరాయించి, మెమొరీ చాలటం లేదని తెర మీద చూపిందనుకోండి. అప్పుడు చాలామంది దాచుకున్న ఫోటోలు చెరిపేస్తారు. సాధారణంగా దానివల్ల లాభం ఉండదు. ఎందుకని?

మెమొరీ అంటే జ్ఞాపకం. కంప్యూటరుకు రెండు రకాల జ్ఞాపకాలున్నాయి. ఒకటి నోటుపుస్తకం లాంటిది. కరెంటు పోయినా అందులోది చెరగదు. ఫోటోలుండేది అందులోనే. రెండోది పలక లాంటిది. దాన్ని ర్యామ్ అంటారు. కంప్యూటరు ఏ పని చేసినా పలక మీదనే చేస్తుంది. ఆపగానే పలక తుడుచుకుపోతుంది. ఒకేసారి చాలా పనులు చెబితే పలక నిండిపోతుంది. నోటుపుస్తకంలో కాగితాలు చింపితే పలక పెద్దదవుతుందా?

ఇదే చిక్కు ఒకసారి చంద్రుడి దగ్గర వచ్చింది. 1969 జూలై 20న అపోలో-11 వ్యోమగాములు ఆర్మ్‌స్ట్రాంగ్, ఆల్డ్రిన్ చంద్రుడి మీదికి దిగుతున్నారు. వారి నౌకలోని కంప్యూటరుకు ఉన్న పలక నాలుగు కిలోబైట్లే. మీరు చదువుతున్న ఈ వ్యాసాన్ని ఈనాటి పద్ధతిలో అందులో ఎక్కించబోతే, చివరిదాకా పట్టదు! ఇంకా సుమారు 33,000 అడుగుల ఎత్తున ఉండగా హెచ్చరిక దీపం వెలిగింది. 1202 అనే అంకె కనిపించింది. దిగటానికి అవసరం లేని ఒక రాడారు ఊరికే సంకేతాలు పంపుతూ కంప్యూటరు కాలాన్ని కాజేస్తున్నది. పాత పనులు పూర్తికాక, కొత్త పనులకు పలక మీద చోటు లేకపోయింది.

కాని ఆ కంప్యూటరు ఆగిపోలేదు. దానికి ప్రోగ్రాము వ్రాసిన మార్గరెట్ హామిల్టన్, ఆమె తోటివారు, ఏ పని ముఖ్యమో ఏది కాదో ముందే నిర్ణయించి పెట్టారు. కంప్యూటరు తాము ఎక్కడ ఉన్నదీ తెలిపే లెక్కను పోనివ్వకుండా, పనుల జాబితాను తుడిచేసి, నౌకను నడిపే పనిని మళ్ళీ మొదలుపెట్టింది. ముఖ్యం కానివాటిని వదిలేసింది.

భూమి మీద జాక్ గార్మన్ అనే 24 ఏళ్ళ ఇంజినీరు అటువంటి హెచ్చరిక అంకెలనూ, వాటి అర్థాలనూ ముందుగానే కాగితం మీద వ్రాసి పెట్టుకున్నాడు. అది చూసి, హెచ్చరిక ఎడతెగకుండా రాకపోతే భయం లేదన్నాడు. వ్యోమగాములు క్షేమంగా దిగారు.

మీరూ ఇలాగే చెయ్యండి. మొదట తెర మీద వచ్చిన మాటలనూ, అంకెనూ కాగితం మీద వ్రాసుకోండి. తరవాత మీ బొమ్మను నోటుపుస్తకంలోకి ఎక్కించండి, అంటే సేవ్ చెయ్యండి. అప్పుడు అక్కరలేని కిటికీలు మూసెయ్యండి. విండోస్ కంప్యూటరైతే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు మూడూ కలిపి నొక్కండి; పలక మీద ఎవరెంత చోటు ఆక్రమించారో కనిపిస్తుంది. పేరు తెలియనిదాన్ని మాత్రం పెద్దవాళ్ళనడగకుండా ఆపకండి. అప్పటికీ చోటు చాలకపోతే కంప్యూటరును ఆపి, మళ్ళీ మొదలుపెట్టండి. పలక శుభ్రమవుతుంది.

రోజూ ఇలాగే జరుగుతూంటే తప్పు మీది కాదు, కంప్యూటరుదీ కాదు. దానికి పెద్ద పలక కావాలన్నమాట!