వెనుక నుండి కారే చుక్క

అంబాసిడర్ కారు తయారీ ఉత్తరపారా కర్మాగారంలో 2014లో నిలిచిపోయినది. అయినను ఆ కారును ఆదరముతో కాపాడుకొనుచున్న కుటుంబాలు మన పాఠకులలో కలవు. వారిని కలవరపెట్టునది ఇంజనుకు, గేరుబాక్సుకు నడుమ నుండి కారే నూనె. అది కనబడగానే ‘వెనుక ఆయిల్ సీలు పోయింది’ అని తేల్చివేయుట పరిపాటి. ఇంజను విప్పించుటకు ముందు కొన్ని సంగతులు గమనింపవలెనని మా మనవి.

మొదట మీది ఏ ఇంజనో తెలిసికొనుడు. పాత 1489 సి.సి. పెట్రోలు ఇంజను బ్రిటిషు బి.ఎం.సి. సంతతికి చెందినది. అందు క్రాంకుషాఫ్టు వెనుక చివర రబ్బరు సీలు లేనే లేదు! షాఫ్టుపై మరవలె చెక్కిన గాడి తిరుగుచు నూనెను లోపలికి మరలించును. షాఫ్టు ఆగినచో గాడి పనియు ఆగును. కనుక బండి నిలిపిన పిదప ఒకటి రెండు చుక్కలు రాలుట రోగము కాదు. ధారగా కారినచో మెయిన్ బేరింగు అరుగుదలను పరీక్షింపవలెను. లేని సీలుకు వెల చెల్లింపవలదు. 1992లో వచ్చిన 1800 సి.సి. ఇసుజు ఇంజనుకు మాత్రము సీలు కలదు.

ఏ ఇంజనైనను ముందుగా శుభ్రముగా తుడిచి, కొంత దూరము నడిపి చూడవలెను. ట్యాపెట్ కవరు వద్ద కారిన నూనె వెనుకకు జారి మనలను భ్రమింపజేయును. బ్రీదర్ గొట్టము పూడినచో లోపలి ఒత్తిడి మంచి సీలును సైతము ఓడించును. కారునది గేరు ఆయిలైనచో దాని ఘాటైన వాసనే చెప్పును.

సీలు మార్చక తప్పదని తేలినచో గేరుబాక్సు, క్లచ్, ఫ్లైవీలు విప్పవలెను. పాత సీలును పెకలించునపుడు షాఫ్టుపై గీత పడరాదు. కొత్త సీలు పెదవికి నూనె రాసి, స్ప్రింగు ఉన్న వైపు ఇంజను లోపలికి ఉండునట్లు, వంకర లేక సమముగా దిగగొట్టవలెను. పాత సీలు షాఫ్టుపై గాడి చేసియున్నచో, చోటున్నంత వరకు కొత్తదానిని కొంచెము జరిపి కూర్చుట మేలు. నూనె పట్టిన క్లచ్ ప్లేటును తిరిగి బిగింపరాదు.

2024లో శ్రీ విజయపురముగా నామాంతరము పొందిన మన పోర్టుబ్లెయిర్ ఎత్తుపల్లాల ఊరు. నూనె తడిసిన క్లచ్ జారినచో ఎత్తులో బండి ముందుకు సాగదు. విడిభాగాలు చెన్నై, కోల్‌కతా, విశాఖపట్నముల నుండి ఓడపై సముద్రము దాటి రావలెను. కావున బండి విప్పుటకు ముందే సీలును, క్లచ్ ప్లేటును తెప్పించుకొనుట వివేకము.

తుదకొక మాట. ఇచట మురుగు కాలువ చేరునది సముద్రమునే. దింపిన నూనెను డబ్బాలో పట్టి, సేకరించు వారికి అప్పగింపుడు. మన కారు ఎంత ముఖ్యమో, మన పగడపు దిబ్బలును అంతే ముఖ్యము.