బెరుకు కొలబద్ద, అవమానం కాదు

మన ఇళ్లలో బిడ్డకు ఉద్యోగం రాగానే పెద్దలు ‘ఇక నిశ్చింత’ అంటారు. నెలజీతం ఎరుగని కుటుంబాలలో ఆ మాట సహజమే. అయితే నిశ్చింత వేరు, ఎదుగుదల వేరు. ఏ బెరుకూ తడబాటూ లేకుండా ఏళ్లు గడుస్తున్నాయంటే, ఆ పని మనకు కొత్తగా ఏమీ నేర్పడం లేదని గ్రహించాలి.

ప్రభుత్వ కొలువులో ఈ తేడాను నేను దశాబ్దాలపాటు చూశాను. తపాలు సెక్షన్‌లో చేయి తిరిగిన గుమాస్తాకు ఆ కుర్చీ వదలాలనిపించదు. అకౌంట్స్ టెస్టు అంటే జంకు, జీతాల బిల్లుల సీటు అంటే భయం. ఆ జంకును దాటి శాఖాపరమైన పరీక్షలు రాసినవారు పై మెట్టు ఎక్కారు. దాటనివారు పనిమంతులై ఉండి కూడా అక్కడే మిగిలారు. టైపు మిషన్ల స్థానంలో కంప్యూటర్లు వచ్చినప్పుడూ ఇదే జరిగింది.

ఇంతకన్నా పెద్ద నిదర్శనం మన తీరంలోనే ఉంది. 1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుంచి ఎగిరిన ఎస్ఎల్‌వీ-3 రాకెట్ బంగాళాఖాతంలో కూలింది. దాని ప్రాజెక్టు డైరెక్టర్ ఏపీజే అబ్దుల్ కలాం. ఆనాడు పత్రికలవారి ఎదుట ఇస్రో అధ్యక్షుడు సతీష్ ధావన్ బాధ్యత తన మీద వేసుకున్నారని కలాం అనేకసార్లు చెప్పారు. 1980 జూలై 18న అక్కడి నుంచే రోహిణి ఉపగ్రహం కక్ష్యకు చేరింది. ఆ కీర్తితో అక్కడే స్థిరపడగలిగిన మనిషి, 1982లో హైదరాబాదులోని డీఆర్‌డీఎల్‌కు వెళ్లి క్షిపణుల బరువు తలకెత్తుకున్నారు. చేతికి అలవాటైన పనిని వదలి మళ్లీ పరీక్షకు నిలబడ్డారు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ప్రతి ఇబ్బందీ ఎదుగుదల కాదు. కొత్త పని కలిగించే తడబాటు నేర్చుకున్నకొద్దీ తగ్గుతుంది. పేరును బట్టి చేసే ఎగతాళి, అర్హత ఉన్నా ఆపిన పదోన్నతి ఎంత నేర్చుకున్నా తగ్గవు. అవి ఉద్యోగిని కాదు, ఆ కార్యాలయాన్ని కొలుస్తాయి. ప్రభుత్వోద్యోగాలలో మతాన్ని బట్టి వివక్ష చూపరాదని రాజ్యాంగం 16వ అధికరణం శాసిస్తున్నది. అలాంటి చోట ‘ఓర్చుకో’ అని బిడ్డలకు చెప్పడం తగదు. లిఖితపూర్వకంగా అర్జీ పెట్టించాలి, అందినట్లు రసీదు తీసుకోమనాలి, పెద్దలు వెంట నిలవాలి.

జనాభాలో 13.4 శాతం ఉన్న ముస్లింలు ఐఏఎస్‌లో 3 శాతమేనని 2006లో సచార్ కమిటీ చూపింది. 2007 నాటి చట్టంతో బీసీ-ఇ వర్గాలకు 4 శాతం రిజర్వేషన్ వచ్చింది. అది గడప దాటించగలదు. లోపల మెట్లు ఎక్కవలసింది మన పిల్లలే. అందుకే ఏటా ఒకసారి కొడుకునైనా కూతురునైనా జీతం ఎంత పెరిగిందని అడిగే ముందు, ఈ ఏడాది నీకు కొత్తగా కష్టమనిపించిన పని ఏదని అడుగుదాం. జవాబు లేకపోతే, తరువాతి పరీక్షకు దరఖాస్తు చేయించవలసిన సమయం వచ్చిందన్నమాట.