ఏథెన్స్ రేడియో నోరు నొక్కిన మార్చి గురించి: బ్రిటన్ విదేశాంగ మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

1956 మార్చిలో మీ దేశ ప్రభుత్వం, అప్పట్లో తన ఏలుబడిలో ఉన్న సైప్రస్‌లో, గ్రీసు నుంచి వచ్చే ఏథెన్స్ రేడియోను జామ్ చేయడం మొదలుపెట్టింది. అదే నెల 9న సైప్రస్ గ్రీకుల నాయకుడు ఆర్చిబిషప్ మకారియోస్‌ను పట్టుకుని సీషెల్స్ దీవులకు పంపించేసింది. మాట్లాడే మనిషిని దీవి దాటించారు. సముద్రం దాటి వచ్చే మాటకు హోరు అడ్డం పెట్టారు.

జామింగ్ అంటే ఏమిటో రేడియో కాలపు మనుషులకు చెప్పక్కర్లేదు. స్టేషన్ ఎక్కడ పలుకుతుందో సరిగ్గా అక్కడే ముల్లు పెడితే గుర్రుమనే మోత. ఆ మోత వెనక ఎవరో ఏదో చెబుతున్నారని మాత్రం తెలుస్తుంది. ఏం చెబుతున్నారో తెలియదు. వార్త అందనిచోట పుకారు పుట్టుకొస్తుంది.

ఏథెన్స్ రేడియో నిప్పు రాజేయలేదని నేను అనను. బ్రిటిష్ పాలనపై సాయుధ పోరాటానికి దిగిన ఇయోకా దళాన్ని అది ఆకాశానికెత్తింది. రేడియోలో చదివిన ఒక్క వార్త ఎంత పని చేయగలదో అంతకు ఆరు నెలల ముందే లోకం చూసింది. 1955 సెప్టెంబర్ 6న, గ్రీసులోని థెస్సలోనికిలో టర్కీ జాతిపిత అతాతుర్క్ పుట్టిన ఇంటి ఆవరణలో బాంబు పేలిందని టర్కీ రేడియో చెప్పింది. ఆ సాయంత్రమే ఇస్తాంబుల్‌లో గ్రీకుల దుకాణాలు, ఇళ్లు, చర్చిలు మూకల పాలయ్యాయి. కాబట్టి ప్రజల ప్రాణాలు కాపాడాల్సిన ప్రభుత్వం కలవరపడటం సహజమే.

కానీ సైప్రస్ గ్రీకులు ఆ రేడియోకు చెవి ఎందుకు ఒగ్గారు? 1950 జనవరిలో చర్చిల్లో జరిగిన సంతకాల సేకరణలో నూటికి 95 మందికి పైగా గ్రీసులో విలీనం కోరారు. మీవాళ్లు దాన్ని లెక్కలోకే తీసుకోలేదు. 1954 జూలైలో వలసల శాఖ సహాయమంత్రి హాప్కిన్సన్, కొన్ని ప్రాంతాలు పూర్తి స్వాతంత్ర్యాన్ని ఎన్నటికీ ఆశించలేవని కామన్స్ సభలో అన్నారు. ఆ డిసెంబర్‌లో ఐక్యరాజ్యసమితి కూడా సైప్రస్ విషయాన్ని పక్కన పెట్టేసింది. 1955 ఏప్రిల్ 1న సైప్రస్‌లో ఇయోకా బాంబులు పేలాయి. అడిగిన చోటల్లా తలుపు మూసేసి, చివరికి రేడియో మీద నేరం మోపడం న్యాయం కాదు.

హిట్లర్ కాలంలో జర్మనీ నుంచి వచ్చిన ఇంగ్లీషు ప్రసారాలను సైతం బ్రిటన్ జామ్ చేయలేదు. యుద్ధమధ్యంలో చూపిన ఆ ధైర్యం యుద్ధం ముగిసిన పదకొండేళ్లకే ఒక చిన్న దీవి దగ్గర ఏమైపోయింది? ఇలాంటి జామింగ్‌ను ఖండిస్తూ 1950 డిసెంబర్‌లో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ తీర్మానం కూడా చేసింది. పైగా అదే సైప్రస్ గడ్డ మీద నుంచి మీ అదుపులోని షర్క్ అల్ అద్నా స్టేషన్ అరబ్బు దేశాలకు ప్రసారాలు చేస్తూనే ఉండేది. 1956 అక్టోబర్ చివర, సూయజ్ యుద్ధ సమయంలో, దాన్ని నేరుగా చేతిలోకి తీసుకుని ‘వాయిస్ ఆఫ్ బ్రిటన్’గా మార్చారు. అక్కడి అరబ్ సిబ్బందే నిరసించి తప్పుకున్నారు.

రేడియోకు అడ్డుపడ్డంత మాత్రాన హింస ఆగలేదు. 1956 మే 10న కరావోలిస్, దిమిత్రియు అనే ఇద్దరు యువకులను నికోసియాలో ఉరితీశారు. కోపం ఇంకా పెరిగింది. 1957 ఫిబ్రవరిలో సమితి ఆమోదించిన తీర్మానం భారత్ ప్రతిపాదించినది. సమస్య తీరాలంటే శాంతితోపాటు భావప్రకటనా స్వేచ్ఛ కూడా కావాలని అందులో ఉంది. ఆ మాట మా దేశం చెప్పినందుకు గర్వపడతాను. 1960 ఆగస్టులో సైప్రస్ స్వతంత్రమైంది. మీరు వెళ్లగొట్టిన మకారియోసే తొలి అధ్యక్షుడయ్యారు.

2019లో, ఆనాడు సైప్రస్‌లో బ్రిటిష్ బలగాల చేతిలో హింసకు గురయ్యామన్న 33 మందికి పది లక్షల పౌండ్లు చెల్లించడానికి మీ ప్రభుత్వం ఒప్పుకుంది. బాధ్యతను మాత్రం ఒప్పుకోలేదు. కనీసం రేడియో విషయంలోనైనా నోరు విప్పండి. ఆనాటి ఏథెన్స్ ప్రసారాల పాఠాలు మీ దగ్గర ఎన్ని ఉంటే అన్నీ, జామింగ్ నిర్ణయానికి సంబంధించిన కాగితాలతో సహా, గ్రీకు, టర్కిష్ భాషల్లో అందరికీ ఉచితంగా అందుబాటులో పెట్టండి. ఆ మాటల్లో ఎంత విషం ఉందో, ఎంత నిజం ఉందో సైప్రస్ వాసులే చదివి తేల్చుకుంటారు. 1956 మార్చిలో చేసింది తప్పని మీ పార్లమెంటులో ప్రకటించండి.

ఇట్లు,
ఒక తెలుగు పాత్రికేయుడు